తీతువు పిట్ట, రెండు లెన్సులు

చిన్న మంగళారం దగ్గర ప్లాట్లకు నేను కాపలా. మూడో నంబరు ప్లాటులో, ఒట్టి కంకర మీదనే, తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. అది అరిస్తే చావు కబురొస్తదని మా ఊళ్లో రాళ్లేసి తరుముతరు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఆరు రోజులు చూసుకున్న. ఆ పొద్దున పిట్ట నీళ్లకు లేచినప్పుడు వంగి చెవి పెడితే, ఒక గుడ్డులో నుంచి సన్నగా కిచకిచ వినబడ్డది. ఇంకొక్క రోజు గడిస్తే చాలనుకున్న.

పక్క ప్లాటు రత్నాకర్‌ది. చేవెళ్లలో ఉంటడు, పిట్టల ఫొటోలు తీస్తడు. ఆ రోజే వచ్చిండు, దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపించే లెన్సులు రెండు కిరాయికి తెచ్చిండు. ఒకటి మూరెడు పొడుగు, ఇంకోటి అందులో సగం. ఏది కొనాలో తేల్చుకోవాలట. ఆయన కంట్ల పిట్ట పడనే పడ్డది.

"కారుల నుంచే తీసుకో బిడ్డ. హద్దురాయి దాటకు. ఈ ఎండల తల్లి లేస్తే గుడ్లు ఉడికిపోతయి."

"నీ పిట్టను ఎత్తుకపోతనా అవ్వ? దాటను తియ్యి."

పెద్ద లెన్సు కిటికీలో ఆనించి తీసిండు. పిట్ట బెదరలేదు. నాకు నిమ్మళమైంది.

తర్వాత చిన్నది బిగించి కారు దిగిండు.

"మళ్ల ఎటు?"

"రెండిట్ల పిట్ట ఒకే సైజుల రావాలె అవ్వ. అప్పుడే తేడా తెలుస్తది. దీంతోనైతే దగ్గరికి పోవాలె."

రాయి దాటిండు. పిట్ట లేచి ఆయన నెత్తి మీద తిరుగుతూ అరిచింది. ఆ తర్వాత రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ నడిచింది.

"యాక్టింగ్ చూడు దీనిది" అని నవ్విండు. గుడ్ల మీదికి వచ్చినంక తీస్తనని అక్కడనే కూర్చున్నడు. ఆయన ఉంటే అది రాదు. అది రాకుంటే ఆయన లేవడు.

"లే బిడ్డ, ఎండ నెత్తి మీదికొచ్చింది."

"ఫికర్ చెయ్యకు, ఐదు నిమిషాలు."

కొంగన్నా కప్పుదామని పోబోయిన. "మనిషి చెయ్యి తగిలితే తల్లి విడిచిపోతది, తెల్వదా?" అన్నడు. నేనూ చిన్నప్పటి నుంచి అదే విన్న. విడిచిపోతదనే మాటకే కాళ్లు ఆగినయి.

గంటకు లేచిండు. "చిన్నది వద్దవ్వ. దగ్గరికి పోతే పిట్ట నిలుస్తలేదు. పెద్దదే కొంట."

ఆయన పోయినంక గుడ్లు ముట్టి చూసిన. చెయ్యి చుర్రుమన్నది. నాలుగింటికీ చెవి పెట్టిన. చప్పుడు లేదు. ఇటు జరిగిన్నో లేదో, పిట్ట వచ్చి నేను ముట్టిన గుడ్ల మీదనే కూర్చున్నది.

ఆదివారం కొత్త లెన్సుతో వచ్చిండు. ఈసారి కారు దిగలేదు. పిట్ట ఇంకా కూర్చునే ఉన్నది.

"ఎంత ఓపికవ్వ దీనికి. కదుల్తనే లేదు."

"అవి సచ్చినయి బిడ్డ. నువ్వొచ్చిన నాడే."

కెమెరాలో బొమ్మను పెద్దగ చేసి చూసుకున్నడు.

"ఫొటోల తెలుస్తలేదు తియ్యి" అని, నన్ను జర పక్కకు జరుగమన్నడు.