నూకరత్నం నడుములో వెండి నలుసు

మీ కంటికి ఆననంత మాత్రాన చులకన చేయకండి, నేనొక వెండి నలుసును. పుట్టుక గొప్పదే. ఒకప్పుడు ఏదో ఇంటి పసివాడి మొలతాడులో మెరిసిన వెండిని. వాడు పెద్దవాడై ప్యాంటు తొడిగాక నన్ను పట్టించుకున్న నాథుడు లేడు. కంసాలి మూసలో కరిగి, సీసాలో మందునీళ్లనై, చివరికి ఒక కాలేజీ ప్రయోగశాలకు చేరాను. అక్కడ ఒక పరిశోధకురాలు నన్ను జామాకు రసంతో కలిపి వేడిచేసింది. నేను నలుసులుగా మారి నీళ్లు గోధుమరంగుకు తిరగగానే ఆవిడ ఎగిరి గంతేసింది. మనుషుల సంగతి చూడండి! నగగా ఉన్నన్నాళ్లూ బరువెంతని అడిగినవాళ్లు, అప్పుడు మాత్రం నేనెంత చిన్నగా అయ్యానో చూసి మురిసిపోయారు.

పక్క గాజు గొట్టంలో బంగారు నలుసులు ఉండేవి. వాటి టెక్కు చెప్పనలవి కాదు. వెలుతురు పడితే వేడెక్కి చర్మపు క్యాన్సర్‌ను మాడ్చేస్తాయట. ఇంకా ఎలుకల మీదే పరీక్షలు నడుస్తున్నాయిలెండి. నాకంత హోదా లేదు. పుండులో చేరే క్రిముల్ని చంపడం నా పని. నన్ను కట్టుగుడ్డకు పట్టించి కాకినాడలో ఒక ఆసుపత్రికి పంపారు.

అక్కడ నా వంతుకు వచ్చిన మనిషి నూకరత్నం. ఉప్పాడలో చేపలమ్ముతుంది. తలమీద తట్ట, తడి ఇసుకలో నడక. చీర జారకూడదని లంగా బొందు ఊపిరాడనంతగా బిగించి కట్టడం పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. బొందు ఒరిసినచోట నల్లటి గాడి పడింది. దురద పెడితే కొబ్బరినూనె రాసింది. పుండు పడితే పసుపు అద్ది, గుడ్డపేలిక అడ్డం పెట్టి మళ్లీ అక్కడే కట్టింది. నడుము కదా, ఎవరికి చూపిస్తుంది? చూపించేసరికి అది చర్మపు క్యాన్సర్ అని తేలింది. డాక్టరమ్మ దాన్ని మొత్తం కోసి తీసేసింది.

"ఇక గాయం మానాలి. మానకుండా రేగుతూ ఉంటే మళ్లీ ప్రమాదం. అక్కడ బొందు కట్టొద్దు" అని మరీ మరీ చెప్పింది. నూకరత్నం బుద్ధిగా తలూపింది. ఇంటికెళ్లి కట్టేసింది.

అబ్బ, నాకెంత కోపం వచ్చిందో! నేను కట్టులోంచి గాయంలోకి దిగి, తోటి నలుసులతో కలిసి క్రిముల పని పడుతున్నాను. అంచున లేత చర్మం పుట్టుకొస్తోంది. ఆమె తట్ట ఎత్తగానే బొందు దాన్ని కాస్తా చీరేస్తోంది. క్రిముల్నయితే చంపగలను, ముడి విప్పడానికి నాకు చేతులేవి?

కట్టు మార్చబోయిన నర్సు సలోమి గాయం చూసి అదిరిపడింది. "మళ్లీ కట్టేశావా పెద్దమ్మా? ఇలాగైతే ఇంకోసారి కోతే!"

నూకరత్నం బావురుమంది. "సచ్చిపోతానేమోనని నాకూ బయ్యంగానే ఉందమ్మా. బొందు లేపోతే సీర నిలుత్తాదా? నైటీ ఏసుకుని బజార్లో కూకోమంటావా?"

కోడలు వీరవేణి పక్కనే నిలబడి విన్నది. ఇంటికెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంది. తన కూతురి గౌను ముందు పెట్టుకుని, అలాగే భుజాల మీద నిలిచే లంగా ఒకటి కుట్టింది. దానికి బొందు లేదు. నడుము చుట్టూ చీర దోపుకోవడానికి వదులుగా వెడల్పాటి మెత్తటి పట్టీ, పక్కన హుక్కులు.

"ఓసోస్, సంటిపిల్ల గౌనులాగుందేంటే!" అని వెక్కిరించింది నూకరత్నం.

"ఓపాలి ఏసుకో అత్తా. జారితే నన్నడుగు," అంది వీరవేణి.

జారలేదు. తట్ట ఎత్తినా జారలేదు.

గాయం నెమ్మదిగా పూడింది. తోటి నలుసులు కొన్ని కరిగిపోయాయి, కొన్ని పాత కట్లతో పాటు చెత్తసంచిలోకి పోయాయి. నేను మాత్రం కొత్త చర్మం కింద చిక్కుకుపోయాను. తిరిగి తిరిగి మళ్లీ ఒక నడుము దగ్గరికే చేరానన్నమాట. ఇక్కడ హాయిగానే ఉంది.

ఆఖరిసారి చూసి డాక్టరమ్మ, "ఇంక నిశ్చింతగా వెళ్లమ్మా" అంది. నూకరత్నం వెళ్లలేదు. తలుపు తీసి బయటికి కేకేసింది. చేపల బజారు ఆడవాళ్లు తట్టలు గుమ్మం పక్కన దించి, ఒకరి వెనక ఒకరు నక్కుతూ లోపలికొచ్చారు.

"ఈళ్లకీ నడుం కాడ నల్లగాడి ఉందమ్మా, ఓపాలి సూడు," అని, ముందున్నావిడ వైపు తిరిగింది. "సిగ్గేంటే సింతాలూ? నేను సిగ్గుపడే కదా ఇంతదాకా తెచ్చుకున్నాను!"

చింతాలు తల వంచుకుని తలుపు గడియ పెట్టింది. తర్వాత నా వల్ల కాని పని తనే చేసింది. బొందు ముడి విప్పింది.