బోనులో ఏడ్చిందెవరు

ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో బంట్రోతుగా పనిచేశాను. చదువు మూడో తరగతి దగ్గరే ఆగిపోయినా, ఏ కేసు ఏ రోజు వాయిదా పడిందో, ఆ రోజు ఏ వకీలు బూట్లు కిర్రుమన్నాయో ఈనాటికీ చెప్పగలను. అందుకే మనవరాలు సినిమా తీస్తానని వచ్చినప్పుడు కథంతా నేనే చెప్పాను.

కథ మా పక్కింటి టైలరమ్మది. వయసులో ఉండగా, తను పనిచేసే బట్టల దుకాణం యజమాని ఆమెను చెరిచాడు. ఊరుకోలేదు, కేసు పెట్టింది. ఆరేళ్లు కోర్టు మెట్లెక్కి దిగి, వాడికి శిక్ష పడ్డాకే కాళ్లు చాపుకుంది. ఇప్పుడామెకు అరవై నాలుగు. సినిమాకు ఒప్పుకుంటూ ఒకటే షరతు పెట్టింది: "ముందు నాకు చూపించాలి. అది నేను కాదనిపిస్తే బయటికి పంపకూడదు." మనవరాలు మాటిచ్చింది. పిల్ల మూడేళ్ల కష్టం ఆ మాట మీదే నిలబడి ఉంది.

శుక్రవారం అందరికీ చూపించాలనగా, సోమవారం ముగ్గురం ఎడిటింగ్ గదిలో కూర్చున్నాం. బోను దృశ్యం వచ్చింది. నటి వెక్కి వెక్కి ఏడుస్తోంది. నేను కొంగుతో కళ్లొత్తుకుంటున్నాను. టైలరమ్మ కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగింది.

"ఆ జాకెట్టు ఎవరు కుట్టారే? చేతులు అరంగుళం వదులు."

"జాకెట్టు సంగతి తర్వాత చిన్నమ్మమ్మా. సీను ఎలా ఉంది?"

"బానే ఉంది. ఆ పిల్లెవరో పాపం తెగ ఏడుస్తోంది. నేను మాత్రం కాదు."

మనవరాలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు ఒళ్లు మండింది. "కాదేంటే? తలుపులు మూసి విచారణ జరిపారు. జడ్జీగారు, వకీళ్లు, టైపిస్టు, వాడు, తలుపు దగ్గర నేను. కళ్లారా చూశాను."

"ఏడ్చింది నువ్వక్కా. నన్ను మూడుసార్లు పిలవాలి కదా, రెండుసార్లు పిలిచేసరికి నీ గొంతు పూడుకుపోయింది. మూడో పిలుపు లేకుండానే లోపలికొచ్చాను."

భుజం మీది ఎర్రపట్టీతో నేను ముక్కు తుడుచుకోవడం, పెద్ద గుమాస్తా కసురుకోవడం, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. ఇన్నేళ్లూ నా ఏడుపు తీసుకెళ్లి దాని ముఖానికి అంటించానన్నమాట. మనవరాలు టైలరమ్మ వైపు తిరిగింది.

"మరి నువ్వేం చేశావు?" అని అడిగిందది.

"ఎందుకు అరవలేదని వాడి వకీలు ఏడోసారి అడిగాడు. నేను టైపిస్టు వైపు తిరిగి, 'అమ్మా, ఇందాక కొట్టింది ఒకసారి చదివిపెట్టు, ఈయన మర్చిపోయినట్టున్నారు' అన్నాను. టైపిస్టు నవ్వాపుకోలేక కాగితం తలకిందులుగా ఎక్కించింది. ఇక ఆ ప్రశ్న అడగొద్దన్నారు జడ్జీగారు."

"భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? మోకాళ్లు రెండూ కొట్టుకుంటున్నాయి. వాడి ముందు మాత్రం ఏడవకూడదనుకున్నాను. నాకున్నది ఆ పంతమొక్కటే. దాన్నే తీసేశావు కదే."

అదృష్టం, కోర్టు సెట్టు ఇంకా విప్పలేదు. బుధవారం మళ్లీ తీశారు. నటి జాకెట్టు చేతులు టైలరమ్మే బిగించింది. ఈ వయసులో బంట్రోతు వేషం నాకే పడింది. ఏడవమంటే నాకేమో నవ్వు. కెమెరా వెనక నిలబడి ఆ మహాతల్లి టైలరమ్మ ముక్కు తుడుచుకుంటూ నన్ను వెక్కిరిస్తుంటే ఏడుపెలా వస్తుంది? మూడు టేకులు పాడు చేశాను. నాలుగోసారి ఆ నటి, ఇరవై నాలుగేళ్ల పిల్ల, మోకాళ్లు వణుకుతున్నా తలెత్తుకుని నా ముందు నుంచి నడిచి వెళ్లింది. మూడో పిలుపు నా గొంతులోనే ఉండిపోయింది.

గురువారం టైలరమ్మ మళ్లీ చూసింది. టైపిస్టుతో ఆ మాటన్న చోట, నటి కంటే ముందే పెదవులు కదిపింది. అయిపోయాక మనవరాలు లేచి లైటు వేసింది.

"ఇది నేనే. పంపించు," అంది టైలరమ్మ. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకుంటూ నా వైపు చూసింది. "ఆ బంట్రోతే ఎవరో గానీ, కాస్త అతి చేసింది."