కావాసాకి గాలి

మా అత్తగారి లెక్కలో ఆ జబ్బు మా ఊరి గాలి. నా పుట్టిల్లు కావాసాకి. నా నాలుగేళ్ల కూతురు నాగికి వచ్చిన జబ్బు పేరూ కావాసాకే. ఇంకేం కావాలి ఆవిడకి?

"ఆ ఫ్యాక్టరీల పొగలోకి పసిదాన్ని తీసుకెళ్లొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. విన్నావా?" అని ఏడాదిగా సాధిస్తూనే ఉంది. పిల్లని మా అమ్మ ఇంటి గుమ్మం తొక్కనివ్వలేదు. అది డాక్టరు పేరు అత్తయ్యా అంటే, "డాక్టరు పేరు ఊరికెందుకు పెడతారే? నాకు చెవిలో పువ్వులు పెట్టకు" అనేది. పిల్ల జ్వరంతో కాలిపోయి, నాలుక ఎర్రగా పొక్కిపోయిన రోజుల్లో నేనూ మనసులో మా ఊరినే తిట్టుకున్నాను.

జ్వరం తగ్గింది గానీ, గుండెకు రక్తం అందించే నాళం ఒకచోట ఉబ్బిపోయింది. అక్కడ నెత్తురు గడ్డకడితే ప్రాణానికే ముప్పన్నారు. అప్పట్నుంచి రోజూ మాత్ర. నాగి కాస్త గట్టిగా గెంతితే చాలు, మా అత్తాకోడళ్లిద్దరికీ పై ప్రాణాలు పైనే పోయేవి.

ఇవాళ మేముండే ఊరు మాత్సుమొతోలోని ఆసుపత్రిలో స్కానింగు. నాగి బల్లమీద పడుకుని, కితకితలని ఒకటే నవ్వు. డాక్టరమ్మ హతకెయామ మాత్రం తెర మీంచి కళ్లు తిప్పదు.

"ఉబ్బు పోయిందండీ" అంది చివరికి. "జబ్బు దెబ్బకి నాళం లోపలి పొర చెదిరిపోయింది కదా. పక్కన మిగిలిన కణాలే పాకుతూ వచ్చి మళ్లీ పొర పరిచాయి. దాని కింద గోడ మందమెక్కి, దారి మామూలు వెడల్పుకొచ్చింది. గోడ మునుపటిలా సాగదు, అందుకని అప్పుడప్పుడూ చూపిస్తూ ఉండండి. మాత్ర ఆపేయొచ్చు. హాయిగా పరుగెత్తనివ్వండి."

నాకు ఏడుపాగలేదు. పక్కన నిలబడ్డ అత్తగారు కళ్లు తుడుచుకుని, పెద్దమనసు చేసుకున్నట్టు, "అయితే ఇక కావాసాకి వెళ్లినా పర్వాలేదా డాక్టరుగారూ? ఆ గాలికి మళ్లీ రాదుగా?" అని అడిగింది.

డాక్టరమ్మ తెల్లబోయింది. "ఊరికీ దీనికీ సంబంధం లేదమ్మా. జబ్బును గుర్తించిన డాక్టరుగారి ఇంటిపేరది. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలీదు. ఇందులో ఎవరి తప్పూ లేదు."

బయట పచ్చిక దాకా వచ్చి, అత్తగారు నాగి చెయ్యి వదిలేసింది.

"ఏం అత్తయ్యా, మాత్సుమొతో గాలి పట్టిందా?" అన్నాను, ఊరుకోలేక.

"చాల్లే సంబడం. ఫోనిలా ఇయ్యి."

మా అమ్మకి చేసింది. "వదినగారూ, పిల్ల గుండె బాగైపోయింది. తప్పు నాదేనండీ, ఏడాదంతా మీ ఊరిని ఆడిపోసుకున్నాను. ఆదివారం దాన్ని తీసుకొస్తాం. నేనూ వస్తాను, రానిస్తే."

ఆ తప్పుల మాట మా అమ్మ చెవికెక్కిందో లేదో. "పరుగెత్తొచ్చన్నారా?" అని అడిగింది.

అత్తగారు పచ్చిక వైపు చూసింది. ఫోను నా చేతిలో పెట్టేసింది.

"పరుగెడుతోందమ్మా" అన్నాను.