తీతువు గుడ్లు

మా ఆయన బాబా మూడేళ్లపాటు ఊరి చెరువులో సర్కారు తుమ్మ నరికాడు. చెరువంతా అదే అల్లుకుపోయి నీళ్లకూ పిట్టలకూ చోటు లేకుండా చేసింది. కూలీ లేదు, ఎవరూ చెయ్యమననూ లేదు. "తాజ్‌బీ, నీ మొగనికి గాలి సోకిందా ఏంది?" అని ఊరంతా నన్నే అడిగేది. ముళ్లు దిగిన చేతులకు పసుపు పెట్టేది నేనే గనక, నాకూ అదే అనుమానం.

తుమ్మ పోయాక ఈ ఎండాకాలం తీతువు పిట్టలు వచ్చాయి. ఎండిన చెరువడుగున, ఉత్త నేల మీదే గుడ్లు పెట్టాయి. తీతువు కూస్తే చావు కబురేనని మా ఊళ్లో రాళ్లేసి తరుముతారు. ఈయన మాత్రం బర్రెలు తొక్కకుండా గుడ్ల చుట్టూ ముళ్లకంప పెట్టాడు. అంత సంబరం మా నిఖా నాడు కూడా ఆ మొహంలో చూడలేదు.

ఇంకో వారమైతే పిల్లలు లేచి నడిచేవి. అంతలోనే కాలువ నీళ్లు వదిలారు. చెరువు నింపమని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది కూడా మా ఆయనే. వానాకాలం అడిగిన నీళ్లు ఇప్పుడొచ్చాయి. కొరివితో తల గోక్కున్నట్టయింది.

ఆయన కాలువ షట్టరు దగ్గరికి పరుగెత్తాడు. వెనకే నేనూ. అక్కడ హన్మంతు కొబ్బరికాయ కొడుతున్నాడు. బోరు ఎండిపోయి పొలం నెర్రెలిచ్చిన రైతు.

"హన్మంతూ, జర వారం ఆపుదాం. గుడ్లున్నయి."

"నీళ్లు తెచ్చిందే నువ్వు గదా బాబన్న! నా వరి పాలు పోసుకునే యాళ్ల ఇది. పిట్టల కోసం ఎండవెట్టుకోమంటవా?"

అతనన్నదాంట్లో తప్పేముంది? అందుకే నాకు మరింత కోపమొచ్చింది. ఈలోగా ఎవరో మా ఆయన మెడలో దండ వేశారు. ఆయన దండతోనే చెరువులోకి దిగాడు.

నేను తట్ట తెచ్చాను. మోకాలిలోతు నీళ్లలో తడుముకుంటూ దొరికిన గుడ్లు ఏరి కట్ట మీద పెట్టాం. కొన్ని ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఒక్క పిట్టా వాటి దగ్గరికి రాలేదు. గుడ్లు పెట్టిన చోటు వెతుక్కుంటూ పొద్దుగూకే దాకా నీళ్ల మీదే అరుస్తూ తిరిగాయి. నాకు ఏడుపు ఆగలేదు. అయినా ఆయన్ని చూసి నేనే ధైర్యం చెప్పాను.

"పరేషాన్ గాకు. పక్కూరి చెరువుకు పోయి మళ్ల పెడతయిలే."

"అది మొన్ననే నిండింది," అన్నాడాయన. "ఆ ఊరోళ్లకు దరఖాస్తు రాసిచ్చింది గూడ నేనే, తాజ్‌బీ."