పెడల్ కింద కట్టేసిన గుర్రాలు

మా ఆయన ప్రాణం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ఒంట్లో, రెండోది కింద పార్కింగులో. ఒంట్లో ఉన్నదానికి బీపీ మాత్ర కూడా నేను గుర్తుచేస్తేనే పడుతుంది. పార్కింగులో ఉన్నదానికి మాత్రం వారం వారం స్నానం, తుడుపు, చెవిలో ముచ్చట్లు.

అదొక పాత స్పోర్ట్స్ కారు. టర్బో ఇంజన్, మూడు వందల గుర్రాల బలం. ఆ మూడు వందల సంగతి మా ఇంటికొచ్చే ప్రతివాళ్ళూ వినాల్సిందే. కొరియర్ అబ్బాయి సంతకం పెట్టించుకునేలోగా సగం వినేస్తాడు, మిగతా సగం లిఫ్ట్ దాకా వెంటబడి చెబుతారు. మా ఆయనది బీమా కంపెనీలో ఉద్యోగం. ఎక్కడ ఏ కారు గుద్దుకున్నా వెళ్ళి చూసి నష్టమెంతో తేల్చాలి. రోజూ నుజ్జయిన బండ్లు చూడటానికి బయల్దేరి, సాయంత్రానికి తన బండిని గీత పడకుండా ఇంటికి తెస్తారు. అలా తిరిగి తిరిగి మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది.

ఆ మోడల్ తయారు చేయడం ఎప్పుడో మానేశారు. ఇంజన్ పోతే ఇంకో ఇంజన్ దొరకదు, బండి పోయినట్టే. ఆ తర్వాత మా ఆయన ఇంకో బండి కొనే మనిషి కాదు. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, పరాయివాళ్ళ బండ్లు చూసుకుంటూ మిగతా జీవితం గడిపేసే మనిషి. అందుకే ఆయన రీమ్యాప్ మాట ఎత్తగానే నాకు ఒళ్ళు మండింది.

ఆ మంటకి అగ్గిపుల్ల గీసినవాడు నా తమ్ముడే. పళ్ళ డాక్టరు. ఈమధ్య ఒక కరెంటు కారు కొన్నాడు. తెల్లగా, గుండ్రంగా, వాషింగ్ మెషీన్‌కి చక్రాలు బిగించినట్టుంటుంది. ఆదివారాలు మేమూ వాళ్ళూ అమ్మ దగ్గరికి భోజనానికి వెళ్తాం. ఊరు దాటే చోట పెద్ద రోడ్డు మీద ఒక సిగ్నల్ ఉంది. ఏ వారం చూసినా ఇద్దరం అక్కడ పక్కపక్కనే ఆగుతాం. పచ్చలైటు పడగానే ఆ వాషింగ్ మెషీన్ కిక్కురుమనకుండా ముందుకెళ్ళిపోతుంది. వెనక సీట్లోంచి మా మేనకోడలు చెయ్యి ఊపుతుంది. మా మూడు వందల గుర్రాలు ఆ చెయ్యి చూసుకుంటూ వెనకాల నడుస్తాయి.

బావమరిది బావ బతుకు కోరతాడంటారు. మా ఆయన లెక్క ప్రకారం నా తమ్ముడు బతుకు సంగతి వదిలేసి పరువు కోరుతున్నాడు. వరసగా ఓడిపోయాక ఒక ఆదివారం అమ్మ వడ్డించింది ఆయన గొంతు దిగలేదు. ఇంటికొచ్చాక కూర్చోబోతూ ఆ మాట అన్నారు.

"రీమ్యాప్ చేయిస్తాను."

"అంటే ఏంటండీ?"

"ఇంజన్‌కి ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఎంత గాలి పీల్చాలో, ఎంత పెట్రోలు తాగాలో దానికి అదే చెబుతుంది. ఆ లెక్కలు మార్చి రాస్తే అదే ఇంజన్ ఇంకా గట్టిగా లాగుతుంది. ఇంకో అరవై గుర్రాలు పెరుగుతాయి."

"ఈ వయసులో అది తట్టుకుంటుందా?"

"తట్టుకోవచ్చు."

"తట్టుకోకపోతే?"

ఆయన లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగారు. అదే జవాబు.

నేను ఫిజియోథెరపిస్టుని. అరిగిన మోకాళ్ళు, పట్టేసిన భుజాలు నా రోజువారీ బేరం. మూడు లక్షల కిలోమీటర్లు నడిచిన మోకాలిని తీసుకొచ్చి పరుగుపందెంలో పెడతానంటే ఏం చెబుతానో అదే చెప్పాను. "ముసలిదాని మీద మీకెందుకండీ అంత పగ?" అన్నాను. "అది ముసలిది కాదు, అనుభవం ఉన్నది," అన్నారు. నా గురించి ఎవరైనా ముసలిది అంటే ఇంత వేగంగా జవాబిస్తారా అని అనుమానమొచ్చింది కానీ అడగలేదు.

ఆ వారమంతా ఇంట్లో మనశ్శాంతి లేదు. పొద్దున చేయిస్తానంటారు, సాయంత్రానికి వద్దంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేయిస్తే బండి పోతుందేమోనని భయం, చేయించకపోతే ఆదివారం వస్తుందని భయం. ఆఫీసులో అందర్నీ అడిగారు. చివరికి పక్కింటి లెక్కల మాస్టారిని కూడా అడిగారు. ఆయనకి సైకిల్ కూడా లేదు. "తప్పకుండా చేయించండి, చేయించాక నన్నొక రౌండు తిప్పండి," అన్నాడాయన. పోయేది ఎవరి ఇంజన్ కనక.

ఏదో ఒకటి తేలిపోతుందని శనివారం నేనే బయల్దేరదీశాను. ఊరి చివర ఫ్యాక్టరీల వెనక రీమ్యాప్ చేసే కుర్ర మెకానిక్ షెడ్డు ఉంది. చేతికి గ్రీజు కూడా అంటని మెకానిక్ కాబట్టి అందరూ అతన్ని ల్యాప్‌టాప్ మేస్త్రి అంటారు. బల్ల మీద పెన్నులు పెట్టుకోవడానికి ఒక ఇనుప గిన్నెలాంటిది ఉంది. ఒక పక్క కరిగి, అంచు జారి, అడుగున చిల్లు పడి ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

"పిస్టన్ మేడమ్. ఒక సారు తొందరపడ్డారు."

మా ఆయన ఆ పిస్టన్ వైపు, పోయిన చుట్టాన్ని చూసినట్టు చూశారు.

"ముందు పరీక్ష చేయాలి సార్," అన్నాడు మేస్త్రి. "చూడకుండా మ్యాప్ వేస్తే నాకు పెన్నుల స్టాండ్లు ఎక్కువైపోతాయి. మూడో గేరులో పెట్టి, యాక్సిలరేటర్ పెడల్ పూర్తిగా కిందిదాకా తొక్కి ఒక్కసారి లాగండి. నేను వెనక కూర్చుని చూస్తాను. ఇంజన్‌కి రోగం ఉంటే అప్పుడు దాచుకోలేదు."

స్టీరింగ్ కింద ఏదో వైరు గుచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. నేను ముందు కూర్చున్నాను, ఇద్దర్లో ఎవర్నీ నమ్మలేక. ఫ్యాక్టరీల వెనక రోడ్డు పొడుగ్గా, ఖాళీగా ఉంది.

"తొక్కండి సార్."

బండి ఊపందుకుంది.

"ఇంకా."

"తొక్కాను."

"ఇంకా తొక్కండి సార్."

"ఇంతకంటే పోవట్లేదయ్యా."

"పెడల్ అరవై దగ్గరే ఉంది సార్. వందకి అరవై."

బండి తిప్పుకొచ్చి మళ్ళీ లాగారు. మళ్ళీ అరవై. మేస్త్రి దిగి, డ్రైవర్ సీటు కింద తలపెట్టి, కార్పెట్ ఎత్తి చూసి, పెడల్‌ని చేత్తో నొక్కాడు. సాఫీగా నేల దాకా పోయింది. "బండిలో తప్పేం లేదు సార్," అని మర్యాదగా వెనక్కెళ్ళి కూర్చున్నాడు. మూడోసారి లాగారు. "అరవై ఒకటి," అన్నాడు మేస్త్రి, ఏదో కొంత ఓదార్పుగా ఉంటుందని.

బండి రోడ్డు పక్కన ఆగింది. "సార్, ఏమీ అనుకోకండి," అన్నాడు మేస్త్రి. "ఈ పెడల్‌ని మీరు ఎప్పుడైనా పూర్తిగా తొక్కారా?"

మా ఆయన అద్దం సర్దుకున్నారు. అది సరిగ్గానే ఉంది.

నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు, అందుకని కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా మూడు వందల గుర్రాలని ఊరంతా చాటింపు వేసిన మనిషి, వాటిలో దాదాపు సగాన్ని ఒక్కసారి కూడా విప్పలేదు. ఆశ్చర్యపోవడం నాదే తప్పు. సోఫా కొన్న రోజు వచ్చిన ప్లాస్టిక్ తొడుగు ఇప్పటికీ తియ్యనివ్వని మనిషి ఈయన. ఎండాకాలం కూర్చుని లేస్తే చర్మం సగం దానికే ఇచ్చి రావాలి. కొత్త చొక్కాలు మంచి రోజు కోసం దాస్తారు, ఆ రోజొచ్చేసరికి బొత్తాలు పట్టవు. మంచివన్నీ దాచుకోవడం ఆయనకున్న జబ్బు. ఆ జబ్బు పాదం దాకా పాకిందని నాకిప్పుడే తెలిసింది.

తిట్టడానికి నోరు తెరిచి, ఆయన మోకాలి వైపు చూసి ఆగిపోయాను. ఆ మోకాలు నాకు తెలుసు. అలాంటివి క్లినిక్‌లో రోజూ చూస్తాను. "ఇంతకంటే వంగదండీ" అంటారు పేషెంట్లు. వాళ్ళు ఆగేది నొప్పి దగ్గర కాదు, నొప్పికి ఒక బెత్తెడు ముందు. ఎముక అడ్డం పడదు, భయం అడ్డం పడుతుంది. వాళ్ళని నేను తిట్టను, చెయ్యి వేస్తాను.

"ఇంకొక్కసారి పోనివ్వండి," అన్నాను.

మూడో గేరు. పాదం దిగింది, దిగింది, అలవాటైన చోట ఆగింది. నేను అరచెయ్యి ఆయన మోకాలి మీద వేసి, క్లినిక్‌లో ఎలా నొక్కుతానో అలా నెమ్మదిగా నొక్కాను.

ఆ తర్వాత జరిగింది వరసలో చెప్పలేను. ఇంజన్ నేనెప్పుడూ వినని గొంతుతో అరిచింది. మా ఆయన వాళ్ళమ్మని పిలిచారు. నేను మా అమ్మని పిలిచాను. మేస్త్రి మాత్రం ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా గుండెకి హత్తుకుని "వంద, వంద, వంద" అని జపం చేస్తున్నాడు. నా వీపు సీటుకి అంటుకుపోయింది. రోడ్డు చివరున్న గోడ మా కోసం ఎదురొస్తున్నట్టనిపించాక చెయ్యి తీసేశాను.

బండి ఆగాక మేస్త్రి తెర మీది గీతలన్నీ చూసి తల పైకెత్తాడు. "ఉక్కు సార్. ఇంత తిరిగిన ఇంజన్ ఇంత ఆరోగ్యంగా ఉండటం నేను చూడలేదు. మ్యాప్ వేయొచ్చు, ఏమీ కాదు."

"వేసేయండి," అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు. నా గుండె ఇంకా మూడో గేరులోనే ఉంది.

"ఇందాకటిదాకా ముసలిదన్నావు కదోయ్," అన్నారు మా ఆయన.

"ఇందాక నాకేం తెలుసు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వద్దు," అన్నారు.

"అదేంటి, వారం రోజులు నా బుర్ర తిని?"

"పూర్తిగా తొక్కేస్తే ఇంతే అని తెలిసిపోతుంది కదా. తొక్కనంత కాలం ఎంతైనా ఉందనుకోవచ్చు. మ్యాప్ వేసి ఆ అరవై గుర్రాలు వచ్చినా, వాటినీ దాచేవాణ్ణే."

"ఇప్పుడు తెలిసిందిగా. తక్కువుందా?"

ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని రోడ్డు వంక చూశారు. "లేదు, చాలా ఉంది," అన్నారు. ఆయన మీద కోపం, జాలి, ప్రేమ మూడూ ఒకేసారి వచ్చాయి నాకు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి నాకింత ముద్దొచ్చింది అప్పుడే. వెనకాల పరాయివాడున్నాడని ఊరుకున్నాను.

"అయితే మ్యాప్ వద్దా సార్?" అన్నాడు పరాయివాడు, నీరసంగా.

"ముందు ఉన్నవాటిని మేపుకుంటానయ్యా," అన్నారు మా ఆయన.

మర్నాడే ఆదివారం. సిగ్నల్ దగ్గర ఆగాం. పక్కన వాషింగ్ మెషీన్ ఆగింది. నా రెండు చేతుల్లోనూ అమ్మకి తీసుకెళ్తున్న గిన్నె ఉంది కాబట్టి ఇవాళ సాయం చేసేవాళ్ళు లేరు. పచ్చలైటు పడింది. నేను రోడ్డు చూడలేదు, ఆయన పాదాన్నే చూశాను. దిగింది, అలవాటైన చోట ఒక్క లిప్త తడబడింది, కళ్ళు మూసుకుని నీళ్ళలోకి దూకినట్టు నేలని తాకింది.

గిన్నె మూత ఎటుపోయిందో ఇప్పటికీ దొరకలేదు. తమ్ముడి కారు మా కిటికీలోంచి వెనక అద్దంలోకి జారి, అందులో చిన్నదైపోయింది. ఊపడానికి ఎత్తిన మేనకోడలి చెయ్యి సగంలోనే ఆగిపోయింది. వేగ పరిమితి బోర్డు కనపడగానే మా ఆయన బుద్ధిగా పాదం తీసేశారు. బీమా మనిషి బీమా మనిషే. మిగతా దారంతా వెన్ను నిటారుగా పెట్టుకుని నడిపారు.

అమ్మ ఇంటి ముందు బండి ఆపి, దానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. తమ్ముడు అడగబోయే ప్రశ్నకి జవాబు సిద్ధంగా ఉంది. "ఏమీ మార్చలేదురా, కంపెనీ ఇంజనే." దారిలో పెదాలు కదుపుతూ సాధన చేయడం నేను చూశాను.

తమ్ముడి కారు వచ్చింది. వాడు దిగి, కూతుర్ని దింపి, గబగబా బావ దగ్గరికొచ్చాడు. చుట్టూ చూసి, భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు.

"అంత అర్జంటా బావా? దారిలోనే మా క్లినిక్ ఉంది కదా, ఒక ఫోన్ కొడితే తాళం తీసేవాణ్ణి. ఏం పర్వాలేదు, ఇక్కడ బాత్రూమ్ ఖాళీగానే ఉంటుంది, ముందు వెళ్ళిరా."

ఇన్ని ఆదివారాలుగా అక్కడొక పందెం నడుస్తోందని వాడికి తెలియనే తెలియదు. వాడు అమ్మ దగ్గరికి భోజనానికి వస్తున్నాడు, అంతే. ఇప్పుడీయన మొహం ఎలా చూడాలిరా దేవుడా అనుకుంటూ చూశాను.

మా ఆయన తమ్ముణ్ణి చూశారు. బండిని చూశారు. నన్ను చూశారు. "అవునురా, ఇక ఆగలేకపోయాను," అని లోపలికి వెళ్ళి బాత్రూమ్ తలుపు వేసుకున్నారు.

నేను కంగారుగా వెనకే వెళ్ళి తలుపుకి చెవి ఆనించాను. లోపల్నుంచి సన్నగా ఒక మూలుగు మొదలైంది. పెరిగింది, ఒకచోట తడబడింది, గేరు మారినట్టు ఒక దగ్గు దగ్గి, నిన్న ఇంజన్ అరిచిన గొంతుతోనే ఇంకా పైకి పోయింది. బకెట్లో ప్రతిధ్వని కూడా కలిసింది. బీపీ ఉన్న మనిషి ఊపిరి అంతసేపు పట్టగలడని నేననుకోలేదు.

అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "అల్లుడికి ఒంట్లో బాగానే ఉందా అమ్మా?"

"చాలా బాగుందమ్మా," అన్నాను. "కాసేపాగి వడ్డిద్దువుగాని."