మూత వేయకూడని లాప్‌టాప్

ఫిర్యాదు చేసిన పంతొమ్మిది రోజుల తరువాత ఇంటర్నెట్ కంపెనీ మెకానిక్ గునాది వచ్చాడు. వచ్చి, గోడకున్న పెట్టెను రెండుసార్లు తట్టి, "వైర్‌లెస్ పోయింది," అన్నాడు. ఆ మాట వెనింగ్ మొదటిరోజే ఫోన్‌లో చెప్పింది. ఆ తరువాత పదకొండుసార్లు చెప్పింది.

"కొత్త పెట్టె తెచ్చారా, అన్నా?"

"ఆఫీసు నుంచి రావాలి చెల్లెమ్మా. కేబుల్ మాత్రం దివ్యంగా ఉంది కదా, అందాకా దాంతో సరిపెట్టుకో."

సరిపెట్టుకునే దారి లేదు. ఎల్లుండి ఉదయం పదింటికి నర్సు ఉద్యోగానికి పరీక్ష. ఇంట్లోనే, కెమెరా ముందు. గదిలో మరో మనిషి నీడ పడినా రద్దు. పెట్టె ఉన్న ముందుగదిలో వాళ్లమ్మ రుమియా తెల్లారింది మొదలు పెచెల్ అమ్ముతుంది. ఉడికిన ఆకుకూర మీద వేరుసెనగ పచ్చడి పోయించుకోవడానికి మలాంగ్ ఊళ్లోని ఆ ఏటిగట్టు వీధి వీధంతా అక్కడే మూగుతుంది. వెనకగది ఖాళీయే గాని, గట్టు కిందికి ఫోన్ సిగ్నల్ దిగదు. పరీక్షకని స్నేహితురాలు ఎరువిచ్చిన పల్చటి లాప్‌టాప్‌కు కేబుల్ గుచ్చే చోటే లేదు.

వెనింగ్ బీరువా మీది పాత లాప్‌టాప్ దించింది. కెమెరా గుడ్డిది, బ్యాటరీ చచ్చింది, మూడు మీటలు ఊడాయి. కేబుల్ చోటూ వైర్‌లెస్సూ మాత్రం బతికే ఉన్నాయి. "పెట్టెకు బదులు ఇదే నెట్ పంచుతుంది," అంది.

"అది తూకానికి వేసే సరుకు," గునాది నవ్వాడు. "ఇంటిల్లిపాదికీ నెట్ పంచుతుందా అది? ముందు నిన్ను గుర్తుపట్టమను."

"మీ ఆఫీసుకన్నా త్వరగానే గుర్తుపడుతుంది లెండి."

అతను వెళ్లగానే మొదలుపెట్టింది. కేబుల్ ఒక కొస పెట్టెకు, రెండో కొస పాత లాప్‌టాప్‌కు. తీగలో వచ్చేదాన్ని గాలిలోకి పంచమని సెట్టింగులు మార్చింది. పేరు పెట్టింది, పాస్‌వర్డ్ పెట్టింది. మొదటిసారి పేరు కనబడింది, నెట్ రాలేదు. రెండోసారి పేరే కనబడలేదు. మూడోసారి వెనకగదిలో సిగ్నల్ గీతలన్నీ నిండుగా వెలిగాయి.

పరీక్షనాడు ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర తెర స్తంభించింది. సంబంధం తెగిందనీ, ఐదు నిమిషాలలో తిరిగి రాకుంటే పరీక్ష ముగిసినట్లేననీ అక్షరాలు మెరిశాయి. వెనింగ్ ముందుగదికి పరుగెత్తింది.

పాత లాప్‌టాప్ మూత మూసి ఉంది. టీవీకీ ఫ్రిజ్‌కూ కప్పినట్లే దానికీ అమ్మ అల్లిన లేసు గుడ్డ. గుడ్డ మీద అప్పడాల డబ్బా.

"నలుగురూ వచ్చేచోట అలా నోరు తెరుచుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది? పచ్చడి కూడా చిందుతుందనీ..." రుమియా నసిగింది.

"మూత వేస్తే అది నిద్రపోతుందమ్మా. దాంతోపాటు నా పరీక్షా నిద్రపోయింది."

డబ్బా దించింది, గుడ్డ లాగింది, మూత ఎత్తింది. ముసలి యంత్రం గరగరలాడుతూ లేచేదాకా ఆమె గడియారం వైపే చూసింది. ఆఫీసులో రేపు రేపంటూ తిప్పిన ఒక్క నోటికైనా ఈ ఐదు నిమిషాల ఖరీదు తెలుసా?

నాలుగో నిమిషంలో మళ్లీ కెమెరా ముందుంది. ముందుగదిలో రుమియా గరిటె పట్టుకుని లాప్‌టాప్ పక్కనే నిలబడి, "దాని జోలికి రాకండి, పనిలో ఉంది," అంటూ వచ్చినవాళ్లందరినీ కసిరింది. చివరి రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి. అయినా, ముగియగానే తెర మీద పడ్డ మార్కులు కావలసినవాటికన్నా మూడు ఎక్కువ.

మధ్యాహ్నం గునాది ఒక కాగితంతో దిగాడు.

"సంతకం పెట్టు చెల్లెమ్మా. మీ ఇంట్లో నెట్ జోరుగా నడుస్తోందని ఆఫీసులో కనబడింది. నీ ఫిర్యాదు తీరిపోయింది."

"మరి కొత్త పెట్టె?"

"ఫిర్యాదే లేనప్పుడు పెట్టె దేనికి?"

'బాగుచేసినవారు' అన్నచోట అతని పేరు అప్పటికే పొందికగా రాసి ఉంది. వెనింగ్ దాన్ని అడ్డంగా కొట్టేసి, పైన తన పేరు రాసింది. కింద, 'పెట్టె ఇంకా రాలేదు' అని రాసింది. సంతకం పెట్టలేదు.

"ఇలా రాస్తే ఆఫీసు ఒప్పుకోదు," అన్నాడతను, నవ్వు తగ్గించి.

"ఒప్పుకోకపోతే నా ఫిర్యాదు బతికే ఉన్నట్లు. పెట్టె చేత్తో పట్టుకు రండి, అప్పుడు పెడతాను."

కాగితం మడిచి ఆమె తన దగ్గరే ఉంచుకుంది. గునాది ఉత్త చేతులతో గట్టు మెట్లెక్కాడు.