చదువు చెప్పినవాళ్ళ మాట

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ ప్లీడరమ్మ అనేవాళ్ళు. చేతి తొడుగులు ఇవ్వకుండా ఆపరేషన్ థియేటరు దుప్పట్లు ఏరమన్నందుకు సూపర్‌వైజరును నిలదీసి, షిఫ్టు మొత్తానికీ తొడుగులు తెప్పించిన రోజున ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరది. మొదట్లో ఆ పేరు వింటే ఆమెకు నవ్వొచ్చేది. తమ్ముడికి శిక్ష పడ్డాక మాత్రం ఎవరైనా అలా పిలిస్తే చేతిలో పని ఆగిపోయేది.

తమ్ముడు ఒక గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడు. బండికి బ్రేకు సరిగ్గా పట్టడం లేదని భోజనాల దగ్గర ఎన్నోసార్లు విసుక్కున్నాడు. ఒకరోజు ఆ బండి వెనక్కి దొర్లి, పెట్టెలు సర్దుతున్న మనిషిని గోడకేసి నొక్కేసింది. అతను అక్కడికక్కడే చనిపోయాడు. తప్పంతా డ్రైవరుదేనని కంపెనీ చేతులు దులుపుకుంది. విచారణ చివర్లో జడ్జిగారు, కుటుంబం తరఫున ఎవరైనా చెప్పుకునేది ఉందా అని అడిగారు. ఆమె లేచి నిలబడింది. బ్రేకు సంగతి చెప్పాలనుకుంది. వకీలు మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"మీరు నోరు తెరిస్తే ఉన్న కేసు కూడా పాడవుతుందమ్మా. కూర్చోండి."

కూర్చుంది. ఆ తర్వాత ఎవరు ఏ సెక్షను చదివారో, ఎవరు దేనికి తలూపారో ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తమ్ముణ్ణి పక్క తలుపులోంచి తీసుకెళ్ళిపోతుంటే, అయిపోయిందని అప్పుడు తెలిసింది.

లా చదవాలన్న పట్టుదల కోర్టులో ఆ బల్ల మీద కూర్చున్నప్పుడే పుట్టింది. ఇంట్లో చెబితే అమ్మ చేతిలో చీపురు పక్కన పెట్టి ఎగాదిగా చూసింది.

"నువ్వు నల్లకోటు తొడుక్కునేసరికి వాడు శిక్ష పూర్తి చేసుకునొచ్చి, కాళ్ళు చాపుకుని టీవీ చూస్తుంటాడే."

"తెలుసమ్మా."

"మరి ఎవర్ని ఉద్ధరించడానికి?"

జవాబు లేకుండానే చదివింది. ఇస్త్రీ యంత్రం వేడెక్కేలోపు, దుప్పట్లు మడతపెట్టే బల్ల మీద పుస్తకం తెరుచుకుని కూర్చునేది. ప్రవేశ పరీక్షలో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. సాయంకాలం తరగతులున్న లా కాలేజీ ఊళ్ళో ఒక్కటే. వచ్చే ఏడాదికి ఆమె వయసు వాళ్ళ నిబంధన దాటిపోతుంది. కాబట్టి వస్తే ఈసారే రావాలి. దరఖాస్తులో అన్నీ నింపింది. ఒక్కటే మిగిలింది. డిగ్రీలో చదువు చెప్పినవాళ్ళెవరైనా ఆమె గురించి రాసి, తమ మెయిల్లోంచి నేరుగా కాలేజీకి పంపాలి.

దాని గురించి ఆమెకు బెంగ లేదు. సాయంకాలం డిగ్రీ చదివిన రోజుల్లో ఎకనామిక్స్ మేడమ్‌కి ఆమె అంటే ప్రాణం. "నువ్వెప్పుడు అడిగితే అప్పుడు రాస్తాను" అని మేడమ్ ఎప్పుడో మాటిచ్చింది. గడువు దగ్గర పడ్డాక ఫోను చేస్తే, ఎత్తింది మేడమ్ కూతురు.

"అమ్మకి బాలేదు. ఒకసారి వచ్చి చూడండి," అంది.

వెళ్ళేసరికి మేడమ్ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరో పెట్టి మర్చిపోయిన వస్తువులా పడి ఉంది. శిష్యురాలిని చూడగానే ముఖం విప్పారింది.

"రేపు," అంది మేడమ్.

"పక్షవాతం వచ్చాక ఆ ఒక్క మాటే మిగిలింది," అంది కూతురు. కళ్ళ కింద నల్లటి వలయాలు, నలిగిన బట్టలు, నిద్ర లేదని చూస్తేనే తెలుస్తోంది. "దాహమైనా రేపే, నొప్పైనా రేపే. మేమే అర్థం చేసుకోవాలి."

ఆమె వచ్చిన పని చెప్పడానికి సిగ్గుపడింది. అయినా చెప్పింది. కూతురు వింటూనే టేబుల్ మీదున్న ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది అమ్మ ఫోనే. మెయిలు తెరిచే ఉంది. మీకు కావలసింది మీరే రాసి పంపేసుకోండి. బాగుంటే అమ్మ రాసేదే కదా."

ఆమె కాదనలేదు. కాదనేంత ఓపిక అప్పటికి లేదు. మంచం పక్కన కుర్చీలో కూర్చుని మొదలుపెట్టింది. ఈ విద్యార్థిని నాకు బాగా తెలుసు, అని రాసింది. తెలివైనది, అని రాసి చెరిపేసింది. కష్టపడే మనిషి, అని రాసింది. తనను తాను పొగుడుకోలేక ఆ మాటా చెరిపి మళ్ళీ రాసింది. తలెత్తితే మేడమ్ ఆమెనే చూస్తోంది.

"మీరు రాద్దామనుకున్నదే మేడమ్. వేరేదేం రాయట్లేదు."

మేడమ్ ఎడమచెయ్యి దుప్పటి మీదుగా మెల్లగా జరిగింది. ఫోను మీదకొచ్చి, అక్షరాలు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"రేపు," అంది. ఈసారి ఆ మాట, వద్దు అన్నట్టే వినిపించింది.

"అమ్మా, వదులు. పాపం ఆవిడ కష్టం ఆవిడది," అంది కూతురు. మేడమ్ వదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆమె ఫోను అక్కడే పెట్టి, మేడమ్ కాళ్ళ దగ్గర దుప్పటి సర్ది బయటికొచ్చింది. మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మంచాన పడ్డ మనిషి మీద అంత కోపం రావడం చూసి, తన మీద తనకే అసహ్యం వేసింది.

మిగిలిన లెక్చరర్ల కోసం వాకబు చేసింది. ఒకాయన పోయారు. ఒకావిడ, "నువ్వెవరో గుర్తు రావట్లేదమ్మా, ఏమనుకోకు" అని ఫోను పెట్టేసింది. ఇంకొకాయన అసలు ఎత్తనే లేదు. లా కాలేజీ ఆఫీసుకు వెళ్ళి ఉన్న సంగతి చెప్పుకుంటే, కౌంటర్లో అమ్మాయి జాలిగానే చూసింది.

"మేడమ్‌గారి విషయం వింటే బాధగానే ఉందండీ. కానీ లెటరు లేకపోతే కంప్యూటరు తీసుకోదు. వేరే ఎవరూ లేరా, ఆలోచించండి."

వేరే ఒకడు ఉన్నాడు. ఆ పేరు తలుచుకోవడానికే ఆమెకు ధైర్యం చాలలేదు.

డిగ్రీలో హిస్టరీ చెప్పిన ఆయన్ని పిల్లలు హాజరు సారు అనేవాళ్ళు. వచ్చేవాడు, హాజరు వేసేవాడు, సగం పాఠంలో పుస్తకం మూసి వెళ్ళిపోయేవాడు. పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని సాయంత్రం కాలేజీకొచ్చేవాళ్ళకు అది ఒళ్ళు మండే విషయం. ఫిర్యాదు రాసింది ఆమే. క్లాసంతా తిరిగి సంతకాలు పెట్టించింది ఆమే. కమిటీ ముందు నిలబడి తేదీలతో సహా చదివింది కూడా ఆమే. సారు ఉద్యోగం పోయింది. లాండ్రీలో ఆ రోజు ఆమెకు స్వీట్లు తినిపించారు.

ఇప్పుడాయన బావమరిది కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తున్నాడని ఎవరో చెప్పారు. గడువు ముగిసే రోజు, షిఫ్టు దిగీ దిగగానే ఆమె అక్కడికి వెళ్ళింది. గాజు బల్ల వెనక ఆయన ఒక ముసలావిడ ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్నాడు. జుట్టు బాగా పలచబడింది. ఆమెను చూసి గుర్తుపట్టాడు. పట్టనట్టు పని చేసుకున్నాడు. ముసలావిడ వెళ్ళాక కూడా అద్దాలు తుడుస్తూ ఉండిపోయాడు.

"సార్, నేను..."

"తెలుసు. కళ్ళు నాకు బాగానే కనబడతాయి."

ఆమె నిలబడే చెప్పింది. తమ్ముడి కేసు, పరీక్ష, వయసు, మేడమ్ జబ్బు అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన అంతా విని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో సరదా లేదు.

"ఊళ్ళో ఇంకెవరూ దొరక్క నా దగ్గరికొచ్చావన్నమాట."

"అవును సార్."

ఆ నిజం ఆయన ఊహించలేదు కాబోలు, తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు.

"నేను క్లాసు మధ్యలో ఎక్కడికి వెళ్ళేవాడినో నీకు తెలుసా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మా ఆవిడకి డయాలసిస్ ఉండేది. నువ్వు పనిచేసే ఆసుపత్రిలోనే. సాయంత్రం తప్ప వాళ్ళ దగ్గర ఖాళీ ఉండేది కాదు. తీసుకెళ్ళడానికి ఇంకో మనిషి లేడు. ఆ వార్డు దుప్పట్లు నువ్వే ఉతికుంటావు."

ఆమె గాజు బల్ల అంచు పట్టుకుంది.

"చెప్పుంటే మేం ఆ ఫిర్యాదు..."

"సెలవు పెడితే జీతం పోతుంది. చెబితే పరువు పోతుందనుకున్నాను. కమిటీ వాళ్ళు ఏమైనా చెప్పుకుంటారా అని అడిగారు, నోరు పెగల్లేదు. నువ్వు చదివిన తేదీలన్నీ నిజమే మరి. ఏం చెప్పను?"

"మీ ఆవిడగారు ఇప్పుడెలా ఉన్నారు సార్?"

"లేదు."

వీధిలో ఎవరో హారను కొట్టారు. ఆమె వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళిపోతే ఇక ఎక్కడికి వెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. క్షమించమని అడగాలని ఉంది. ఇప్పుడడిగితే ఉత్తరం కోసం అడిగినట్టే ఉంటుందని నోరు రాలేదు.

ఆయనే స్టూలు చూపించాడు. "కూర్చో. రాస్తాను. కానీ ఉన్నదే రాస్తాను."

ఫోను చేతిలోకి తీసుకుని ఒక్క వేలితో, ప్రతి మాటా పైకి అంటూ రాశాడు. "ఈమె నా విద్యార్థిని. నా ఉద్యోగం పోవడానికి కారణం ఈమే. నా మీద చెప్పినవన్నీ నిజాలు. ఒక పని పట్టుకుంటే వదలదు. కానీ నన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది అడగకుండానే తీర్పు చెప్పేసింది. న్యాయం చదివితే అడగడం నేర్చుకుంటుందని ఆశ." వేలు గాల్లో ఆపి ఆమె వైపు చూశాడు. "పంపనా, వద్దా? నీ ఇష్టం."

"ఇది చూస్తే సీటివ్వరు సార్."

"ఇవ్వకపోవచ్చు."

ఆమె గోడ గడియారం చూసింది. అమ్మ అడిగిన ప్రశ్న, వకీలు మోచేతి పట్టు, మేడమ్ అరచెయ్యి అన్నీ ఒకదాని మీద ఒకటి కమ్ముకొచ్చాయి. ఈ ఉత్తరం లేకపోతే దారి మూసుకుపోతుంది, ఈ ఉత్తరం వెళ్ళినా మూసుకుపోతుంది. ఆయన రాసిందాంట్లో మాత్రం ఒక్క అబద్ధం లేదు.

"పంపండి," అంది.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చిందంటే ఆమే నమ్మలేదు. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"ఇలాంటి సిఫారసు మేమింతవరకూ చూడలేదమ్మా. నువ్వు అడగని ఆ ప్రశ్న ఏంటి?"

"క్లాసు వదిలి ఎక్కడికి వెళ్తున్నారు సార్, అని."

"ఇప్పుడు అడిగావా?"

"లేదండీ. ఆయనే చెప్పారు. నేను ఇప్పటికీ అడగలేదు."

లా ఎందుకని అడిగారు. ఇంటి దగ్గర వల్లె వేసుకున్న జవాబు ఒక్కటీ గుర్తు రాలేదు. కోర్టు సంగతి మొదలుపెట్టి, తమ్ముణ్ణి తీసుకెళ్ళిన తలుపు దగ్గరికొచ్చేసరికి వాక్యం సగంలో వదిలేసింది. ప్రొఫెసరమ్మ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. తాగి బయటికొచ్చింది. పని పాడు చేసుకున్నానని దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది.

మొదటి జాబితాలో ఆమె పేరు లేదు. అమ్మ అన్నం కలిపి ముందు పెట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది. లాండ్రీలో ప్లీడరమ్మా అని పిలవడం కూడా మానేశారు. తడి దుప్పట్లు యంత్రంలోంచి తీస్తూ, వేడివి మడతపెడుతూ, ఇక జీవితమంతా ఇంతేననుకుంది. హాజరు సారుకు ఫోను చేద్దామని చాలాసార్లు అనుకుంది. ఏమని చెయ్యాలో తెలియలేదు.

ఎవరో సీటు వదులుకున్నారట. రెండో జాబితాలో అందరికంటే కింద ఆమె పేరు కనబడింది. అమ్మ అది చదివించుకుని వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపటి దాకా బయటికి రాలేదు.

తరగతులు మొదలయ్యే ముందు ఆదివారం ఆమె జైలుకు వెళ్ళింది. ములాఖత్ గదిలో బల్లకు అటు తమ్ముడు, ఇటు ఆమె. తమ్ముడు చిక్కిపోయాడు. సీటు సంగతి విని తలూపాడు.

"మంచిదక్కా. అది నాకేమైనా పనికొస్తుందా?"

"రాదురా."

"మరెందుకు?"

ఆమె చేతులు రెండూ బల్ల మీద పెట్టి అడిగింది. "ఆ రోజు ఏం జరిగింది? మొదట్నుంచి చెప్పు. నేనెప్పుడూ నిన్ను అడగలేదు."

వాడు బిత్తరపోయి చూశాడు. తల వంచుకుని గోళ్ళు గిల్లుకుంటూ మొదలుపెట్టాడు.

"బ్రేకు పాడైందని నేను చెప్పిన మాట నిజమే. ఆ రోజు బండి తియ్యొద్దురా అని వాడే అన్నాడక్కా, చనిపోయినవాడే. నా భుజం పట్టుకుని మరీ అన్నాడు. ఏం కాదులే, జరుగు అన్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

ఆమె తమ్ముడి తప్పు లేదని ఇన్నాళ్ళూ లోకంతో మనసులో వాదిస్తూనే ఉంది. ఆ వాదన ఇప్పుడు కాళ్ళ కింద నేలలా కదిలిపోయింది. అయ్యో అననూ లేదు, నీ తప్పేం లేదననూ లేదు. మధ్యలో మాట్లాడకుండా విన్నది. వాడు ఏడుస్తూ, ముక్కు తుడుచుకుంటూ చెబుతూనే ఉన్నాడు. ఆ ఉదయం చనిపోయినవాడితో పడ్డ పోట్లాట, సూపర్‌వైజరు పెట్టిన తొందర, బండి దొర్లిన చప్పుడు, ఒక్కొక్కటీ చెప్పాడు.

గార్డు వచ్చి టైమైపోయిందన్నాడు.

"ఇంకా ఉంది," అన్నాడు తమ్ముడు. గార్డుతో అన్నాడో, తనతో అన్నాడో ఆమెకు తెలియలేదు. లేవకుండా అలాగే కూర్చుంది.